కొవిడ్‌ను మనమే మరిచిపోయామా, మరిచిపొమ్మన్నారా?

సుజాత_వి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా అడగాలనుకుంటున్న విషయం ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న కొవిడ్‌ను అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. మార్చి 11న దాన్ని మహమ్మారి అంది. అప్పటి టెన్షన్ మనందరికీ గుర్తే. మరి ఆ అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పిన రోజు ఎవరికైనా గుర్తుందా? 2023 మే 5. నాకు తెలిసినవాళ్లలో ఒక్కరు కూడా చెప్పలేకపోయారు.

మా నాన్నగారు రెండో వేవ్‌లో పోయారు. మరణ ధ్రువపత్రంలో కొవిడ్ అనే మాటే లేదు. శ్వాస ఆగిపోవడం వల్ల అని రాసిచ్చారు. ఇదేంటని అడిగితే, పోయేనాటికి టెస్టు నెగెటివ్ వచ్చింది కదా అన్నారు. ఆ కాగితం సంగతి అలా ఉంచండి. ఇప్పుడు ఎక్కడ ఆ మాట ఎత్తినా "అబ్బా, మళ్లీ అదెందుకు" అనేస్తున్నారు. యుద్ధంలో పోయినవాళ్ల గురించి ఎవరూ అలా అనరు. వరదలో, భూకంపంలో పోయినవాళ్ల గురించీ అనరు. ఈ మరుపు దానంతట అదే వచ్చిందా? లేక ఎవరికైనా ఇది అవసరమైందా? చరిత్ర తెలిసినవాళ్లు, ఆసుపత్రుల్లో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి.

---

పాతకాలం_పంతులు

సుజాత గారూ, మీ నాన్నగారి విషయం చదివి బాధ కలిగింది.

మరుపు కొత్తేమీ కాదు. 1918 ఫ్లూలో ప్రపంచం మొత్తమ్మీద 5 కోట్ల మంది దాకా పోయారని అంచనా. మొదటి ప్రపంచ యుద్ధం అంతమందిని చంపలేదు. అయినా యూరప్‌లో ఏ ఊరికి వెళ్లినా యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు చెక్కిన రాయి కనిపిస్తుంది. ఫ్లూలో పోయినవాళ్లకు అలాంటి రాయి కనిపించడం చాలా అరుదు.

అంతకు ముందు కాలంలో ఇలా ఉండేది కాదు. వెనిస్‌లో 1630లో ప్లేగు వచ్చినప్పుడు, ఇది తగ్గితే గుడి కట్టిస్తామని నగర పాలకులు మొక్కుకున్నారు. కట్టించారు కూడా. సాంతా మరియా దెల్లా సలూతే చర్చి అదే. ఇప్పటికీ ఏటా నవంబర్ 21న జనం అక్కడికి వెళ్లి కొవ్వొత్తులు వెలిగిస్తారు. జర్మనీలో ఒబెరామెర్గావ్ అనే పల్లె ఉంది. 1633లో ఆ ఊరివాళ్లు, ప్లేగు నుంచి బయటపడితే క్రీస్తు చివరి రోజుల కథను నాటకంగా ఆడతామని మొక్కుకున్నారు. 1634లో మొదలుపెట్టి, దాదాపు పదేళ్లకోసారి ఆడుతూనే వస్తున్నారు. 2020లో ఆడాల్సింది కొవిడ్ వల్ల వాయిదా పడి 2022లో జరిగింది. ఒక మహమ్మారికి మొక్కిన మొక్కును ఇంకో మహమ్మారి రెండేళ్లు ఆపింది.

నాకు తోచేది ఇది. ఆనాటి పాలకులు ప్లేగును దేవుడి శిక్షగా చెప్పారు. అది తగ్గితే దేవుడి దయ. కాబట్టి గుర్తు పెట్టుకోవడంలో వాళ్లకు ఇబ్బంది లేదు, పైగా పుణ్యం. ఇప్పుడు మహమ్మారి వస్తే జనం ప్రభుత్వాన్నే అడుగుతారు. ఆక్సిజన్ ఎందుకు లేదు, టెస్టులు ఎందుకు ఆలస్యమయ్యాయి అని. గుర్తు చేసుకోవడం మొదలైతే జవాబు చెప్పాల్సిన అవసరమూ మొదలవుతుంది. అందుకే ఏ పార్టీకీ ఇందులో ఆసక్తి లేదు.

---

రఘు_ఎల్

పంతులు గారూ, గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను. ప్రతిదానికీ రాజకీయం ఎందుకు? జనం అలసిపోయారు. నెలల తరబడి ఇంట్లో కూర్చున్నారు, ఉద్యోగాలు పోయాయి, అప్పులు చేశారు. తేరుకోవాలంటే కొంత మరిచిపోవాలి. మా ఇంట్లోనూ ఒక చావు జరిగింది. దాని గురించి మేం మాట్లాడుకోం. ఎవరో చెప్పారని మానలేదు, మా వల్ల కాక మానేశాం.

---

కిరణ్_గణాంకం

రఘు గారూ, మీ ఇంట్లో మాట్లాడుకోకపోవడం మీ ఇష్టం. దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ సుజాత గారు అడిగింది దాని తర్వాతి మెట్టు. ఆ చావు లెక్కలో ఉందా లేదా అనేది.

2020 ఆగస్టు 12న బ్రిటన్ తన కొవిడ్ మరణాల లెక్కలోంచి 5 వేలకు పైగా తీసేసింది. ఎవరూ బతికి రాలేదు. అప్పటిదాకా ఇంగ్లండ్‌లో ఒకసారి పాజిటివ్ వచ్చినవాళ్లు ఎప్పుడు పోయినా కొవిడ్ మరణంగానే లెక్కించేవారు. ఆ రోజు నుంచి పాజిటివ్ వచ్చిన 28 రోజుల లోపు పోతేనే ఆ లెక్కలోకి తీసుకున్నారు. వెంటిలేటర్ మీద 30 రోజులు ఉండి పోయినవారు ఈ లెక్కలో లేరు. వాళ్లను ఇంకో లెక్కలో వెతుక్కోవాలి. బెల్జియం సరిగ్గా దీనికి ఎదురు. టెస్టు చేయకపోయినా, వృద్ధాశ్రమంలో కొవిడ్ అనుమానంతో పోయినవారినీ లెక్కలో వేసింది. దాంతో జనాభాతో పోలిస్తే ప్రపంచంలోనే ఎక్కువ మంది చనిపోయిన దేశాల్లో ఒకటిగా కనిపించి, మాటలు పడింది. నిజాయితీగా లెక్కపెడితే పరువు పోతుందని తెలిశాక తర్వాతివాళ్లు ఏం చేస్తారో మీరే ఊహించండి.

అందుకే నిపుణులు అదనపు మరణాలు చూస్తారు. మామూలు ఏడాదిలో ఎంతమంది పోతారు, ఈ ఏడాది ఎంతమంది పోయారు, రెండింటికీ తేడా ఎంత అని. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ లెక్క ఇచ్చింది. 2020, 2021 రెండేళ్లలో 1.49 కోట్ల అదనపు మరణాలు. అదే కాలానికి దేశాలు అధికారికంగా చెప్పినవి 54 లక్షలు. అదనపు మరణాలన్నీ నేరుగా కొవిడ్ వల్లే కాదు. ఆసుపత్రిలో చోటు దొరక్క గుండెపోటుతో పోయినవారూ అందులో ఉన్నారు. అయినా తేడా 95 లక్షలు. భారత ప్రభుత్వం ఆ అంచనా కట్టిన పద్ధతిని ఒప్పుకోలేదు. ఆ వాదన ఇంకా తెగలేదు.

సుజాత గారూ, మీ నాన్నగారి కాగితం మీద ఏం రాసినా ఆ 1.49 కోట్ల అంచనాలో ఆయన ఉంటారు. అది చిన్న ఓదార్పే. కానీ ఉంది.

---

సుజాత_వి

కిరణ్ గారూ, ఈ మాట నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలు.

---

వార్డు_సిస్టర్

కొవిడ్ వార్డులో నర్సుగా పనిచేశాను. ఎక్కడ అన్నది చెప్పను.

పీపీఈ కిట్ వేసుకుంటే అందరం ఒకేలా కనిపిస్తాం. డాక్టరెవరో నర్సెవరో, మగో ఆడో తెలియదు. మంచం మీద ఉన్నవాళ్లకు రోజంతా మొహాల్లేని మనుషులే. అందుకని కిట్ మీద ఛాతీ దగ్గర మార్కర్‌తో పేరు రాసుకునేవాళ్లం. ఒక పెద్దాయన నా పేరు కూడబలుక్కుని చదివి, "నీ మొహం ఒక్కసారి చూపించమ్మా" అన్నారు. కుదరదని చెప్పాను. ఫోన్‌లో ఉన్న నా ఫొటో కవర్‌లోంచే చూపించాను. చాలాసేపు చూశారు.

చప్పట్ల గురించి కూడా రాస్తాను. ఎవరూ ఏమీ అనుకోవద్దు. భారత్‌లో 2020 మార్చి 22న, బ్రిటన్‌లో మార్చి 26 నుంచి వారం వారం, ఇంకా చాలా దేశాల్లో జనం వైద్య సిబ్బంది కోసం చప్పట్లు కొట్టారు. మనసుతోనే కొట్టారు. నాకూ కళ్లు తడిశాయి. కానీ బ్రిటన్‌లో దాన్ని మొదలుపెట్టిన ఆవిడే, ఇది రాజకీయమైపోతోంది, ఇక ఆపేద్దామని మే నెలాఖరులో అన్నారు. తర్వాతి ఏడాది మార్చిలో అక్కడి ప్రభుత్వం ఆరోగ్య సిబ్బందికి 1 శాతం జీతం పెంచితే చాలంది. గొడవ జరిగాక 3 శాతానికి ఒప్పుకుంది. ఆ దేశంలో కొవిడ్‌తో పోయిన మొదటి పది మంది డాక్టర్లూ మైనారిటీ జాతులవాళ్లు, చాలామంది వలస వచ్చినవాళ్లు.

మమ్మల్ని యోధులు అన్నారు. యోధుడంటే చావడానికి ముందే ఒప్పుకున్నవాడని అర్థం వస్తుంది. మేం దేనికీ ఒప్పుకోలేదు. మాస్కులు అడిగాం.

---

రఘు_ఎల్

సిస్టర్ గారూ, మీకు చేతులెత్తి దండం పెడతాను. మీతో వాదించను.

కానీ ప్రభుత్వాల వైపు నుంచి కూడా ఒక మాట. 2020 మార్చిలో ఎవరికీ ఏమీ తెలియదు. కొత్త వైరస్. తెలియనప్పుడు జరిగినవాటిని ఇప్పుడు తెలిసిన విషయాలతో కొలవడం న్యాయం కాదు కదా?

---

వెంటిలేషన్_మూర్తి

> 2020 మార్చిలో ఎవరికీ ఏమీ తెలియదు.

రఘు గారూ, ఈ మాట దగ్గరే నాకు పేచీ. కొంత పెద్ద పోస్టు అవుతుంది, ఓపిక పట్టండి. భవనాల్లో గాలి ప్రసరణ వ్యవస్థలు డిజైన్ చేయడం నా వృత్తి.

2020 మార్చి 10న అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, స్కాజిట్ కౌంటీలో ఒక గాయక బృందం పాటలు సాధన చేసింది. 61 మంది వచ్చారు. శానిటైజర్ పెట్టారు. ఎవరూ చేతులు కలపలేదు, కౌగిలించుకోలేదు. అంటే అప్పటికి చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించారు. ఒక హాల్లో సుమారు రెండున్నర గంటలు పాడారు. వాళ్లలో 53 మందికి జబ్బు వచ్చింది, ఇద్దరు చనిపోయారు. తలుపు పిడి వల్ల, తుంపర్ల వల్ల మాత్రమే అంతమందికి అంటుకుందంటే నమ్మడం కష్టం. గాలిలో తేలే సన్నటి కణాల వల్ల అంటే అర్థమవుతుంది.

ఇది జరిగిన రెండున్నర వారాలకు, మార్చి 28న, కొవిడ్ గాలి ద్వారా వ్యాపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్ద అక్షరాలతో ట్వీట్ చేసింది. జులైలో 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాసి, గాలి సంగతి పట్టించుకోమన్నారు. ఆ సంస్థ తన వెబ్‌సైట్‌లో స్పష్టంగా రాయడానికి 2021 పట్టింది. ఈలోపు ప్రపంచమంతా ఏం చేసింది? కూరగాయలు కడిగింది. రోడ్ల మీద బ్లీచింగ్ చల్లింది. బల్లల మధ్య ప్లాస్టిక్ అడ్డాలు పెట్టింది.

సైన్స్ మెల్లగా కదలడం సహజమే, అందులో నాకు కోపం లేదు. కానీ ఈ రెండు మాటల్లో ఖర్చు ఎవరి మీద పడుతుందో చూడండి. వైరస్ చేతుల ద్వారా, తుంపర్ల ద్వారా వస్తుందంటే జాగ్రత్త మీది. చేతులు కడుక్కోండి, ఆరడుగుల దూరం పాటించండి. జబ్బు వస్తే మీ నిర్లక్ష్యమే. గాలి ద్వారా వస్తుందంటే బాధ్యత భవనం యజమానిది, ఫ్యాక్టరీది, స్కూలుది, ప్రభుత్వానిది. కిటికీలు, ఫిల్టర్లు, ఫ్యాన్లు, మంచి మాస్కులు వాళ్లే ఇవ్వాలి. మనిషి ఊపిరి బిగబట్టుకుని ఉద్యోగం చేయలేడు కదా. గాలి మాట ఒప్పుకోవడానికి అంత ఆలస్యం కావడంలో ఈ ఖర్చు భయానికీ పాత్ర ఉందని నా నమ్మకం.

2020 ఏప్రిల్ 28న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీలు నడవాల్సిందేనని ఉత్తర్వు ఇచ్చారు. చల్లటి మూసిన హాళ్లు, భుజం భుజం తగిలేలా లైన్లు, మిషన్ల హోరులో అరిచి మాట్లాడుకోవాల్సిన పని. అప్పటికే ఆ ఫ్యాక్టరీల్లో కార్మికులు పదులు, వందల సంఖ్యలో జబ్బు పడుతున్నారు. అలాంటి చోట చేతులు కడుక్కోమంటే సరిపోతుందా?

---

పాతకాలం_పంతులు

మూర్తి గారి పోస్టుకు ఒక చిన్న చేర్పు. 1910-11 చలికాలంలో ఈశాన్య చైనాలోని మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చింది. మలయాలో (నేటి మలేషియా) పుట్టిన యువ డాక్టర్ వూ లియెన్-తెహ్, ఇది ఊపిరి ద్వారా వస్తోంది, గాజుగుడ్డ, దూది పొరలతో మాస్క్ కట్టుకోండి అన్నారు. పేరున్న ఫ్రెంచి డాక్టర్ మెని ఆ మాట కొట్టిపారేసి, మాస్క్ లేకుండా రోగులను చూశారు. కొన్ని రోజులకే అదే ప్లేగుతో చనిపోయారు. చెప్పిన మాట సరైనదా కాదా అన్నదానికంటే ఎవరు చెప్పారన్నదే ఆయనకు ముఖ్యమైంది.

---

స్వేచ్ఛ_నా_హక్కు

ఇంతమంది ఇన్ని రాస్తున్నారు, అసలు సంగతి ఒక్కరూ ఎత్తడం లేదు. భయపెట్టి జనాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారు. యాప్‌లు, పాస్‌లు, బలవంతపు టీకాలు. వాళ్లు చెప్పింది నేనెందుకు నమ్మాలి?

---

నిర్వాహకులు

వాట్సాప్ ఫార్వర్డ్‌లు పెట్టనంత వరకు ఈ ప్రశ్నకు ఇక్కడ చోటుంది. వ్యక్తిగత దూషణ వద్దు. టీకాల గురించి తప్పుడు లెక్కలు పెడితే పోస్టు తీసేస్తాం.

---

ఫాతిమా_ఎస్

స్వేచ్ఛ గారూ, నేను టీకా వేయించుకున్నాను, ఇంట్లో అందరికీ వేయించాను. టీకాలు లక్షల ప్రాణాలు కాపాడాయనే నా నమ్మకం. అయినా మీ అనుమానాన్ని తీసిపారేయను. ఎందుకంటే కొన్నిచోట్ల ఆ అనుమానానికి పునాది వేసింది ప్రభుత్వాలే.

అమెరికాలో టస్కెగీ అనే చోట 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ ఉన్న వందలమంది నల్లజాతి పురుషులకు అసలు విషయం చెప్పకుండా, మందు ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో ప్రభుత్వ ఆరోగ్య శాఖే చూస్తూ కూర్చుంది. 2011లో అబోటాబాద్‌లో బిన్ లాడెన్ ఆచూకీ కోసం అమెరికా గూఢచార సంస్థ సీఐఏ ఉత్తుత్తి హెపటైటిస్ టీకాల కార్యక్రమం నడిపింది. అది బయటపడ్డాక పాకిస్తాన్‌లో పోలియో చుక్కలు వేసే కార్యకర్తల మీద కాల్పులు పెరిగాయి. టీకా కార్యక్రమాలను ఇకపై గూఢచర్యానికి వాడబోమని వైట్‌హౌస్ 2014లో చెప్పింది. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగింది. ఆ నష్టం గూఢచారులకు జరగలేదు, చుక్కలు పడని పిల్లలకు జరిగింది.

యాప్‌ల సంగతి కూడా మీరన్నది పూర్తిగా తప్పు కాదు. సింగపూర్‌లో ట్రేస్‌టుగెదర్ యాప్ సమాచారం కొవిడ్ కాంటాక్టుల కోసమే అన్నారు. నేర విచారణలో పోలీసులు కూడా తీసుకోవచ్చని 2021 జనవరిలో బయటపెట్టారు. జనం మండిపడ్డాక తీవ్రమైన నేరాలకే పరిమితం చేస్తూ ఫిబ్రవరిలో చట్టం చేశారు. ఇవన్నీ నిజాలే. వీటిని పట్టుకుని ప్రభుత్వాన్ని నిలదీయండి, మీ వెంట నేనూ ఉంటాను. వీటిని చూపించి టీకాయే విషం అనడం మాత్రం వేరే సంగతి.

---

స్వేచ్ఛ_నా_హక్కు

ఫాతిమా గారూ, ఇంత వివరంగా, నన్ను తిట్టకుండా చెప్పినవారు మీరే. అన్నీ ఒప్పుకోను. కానీ చదివాను.

---

పాతకాలం_పంతులు

నమ్మకం విషయంలో మన చరిత్రలోనూ ఒక పాఠం ఉంది. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. పుణెలో సైనికులు ఇళ్లలోకి చొరబడి సోదా చేశారు. ఆడవాళ్లను నడివీధిలో పరీక్షించారన్న ఆగ్రహం ఊరంతా పాకింది. ఆ ఏడాది జూన్ 22న ప్లేగు అధికారి ర్యాండ్ మీద చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు. జబ్బును అదుపు చేయడానికి వచ్చినవాళ్లే జనానికి జబ్బు కంటే ఎక్కువ భయం పుట్టించారు. కొన్ని మార్పులతో 2020లోనూ వాడింది ఆ 1897 చట్టాన్నే.

---

చిన్ని_2004

అందరూ పెద్దవాళ్లే మాట్లాడుతున్నారు. మా సంగతి కూడా రాస్తాను. 2020 ఏప్రిల్‌లో ప్రపంచంలో సుమారు 160 కోట్ల మంది విద్యార్థులకు బడి లేదని యునెస్కో చెప్పింది. నేను ఆ 160 కోట్లలో ఒకదాన్ని. ఇంట్లో ఒకే ఫోన్, ముగ్గురు పిల్లలం. తమ్ముడిది చిన్న క్లాసు కదా, పర్లేదులే అని వాడి క్లాసు మానిపించేవాళ్లు. వాడికి ఇప్పటికీ చదవడం సరిగా రాదు. దీన్ని ఏ లెక్కలో వేస్తారు కిరణ్ అన్నా?

---

కిరణ్_గణాంకం

ఏ లెక్కలోనూ సరిగా పడదు చిన్నీ. పరీక్ష లేకుండా పైక్లాసుకు పంపేశారు కాబట్టి కాగితం మీద అందరూ పాసే. తమ్ముడికి ఇప్పుడైనా రోజూ కాసేపు పక్కన కూర్చుని చదివించేవాళ్లు ఉంటే కోలుకుంటాడు. ఆ పని బడి చేయాలి, అక్క మీద వదిలేయకూడదు.

---

ఫాతిమా_ఎస్

అంత్యక్రియల గురించి ఎవరూ ఎత్తలేదు, అందుకే మళ్లీ రాస్తున్నాను. రోజువారీ జీవితంలో మహమ్మారి రాజకీయం నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించింది అక్కడే.

శవాన్ని తాకకుండా, తగిన జాగ్రత్తలతో కుటుంబం చివరిచూపు చూసుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే రాసింది. పూడ్చడమైనా దహనమైనా ఫర్వాలేదంది. అయినా శ్రీలంక ప్రభుత్వం కొవిడ్‌తో పోయినవారందరినీ దహనమే చేయాలని ఆ ఏప్రిల్‌లో ఉత్తర్వు తెచ్చింది. ముస్లింలకు ఖననం తప్ప ఇంకో మార్గం లేదు. పూడిస్తే భూగర్భ జలాల్లోకి వైరస్ వెళ్తుందన్నారు. అలా వెళ్తుందనడానికి ఆధారం చూపలేదు. డిసెంబర్‌లో 20 రోజుల పసికందును తల్లిదండ్రుల ఇష్టానికి విరుద్ధంగా దహనం చేశారు. అప్పుడు కొలంబోలో ఆ శ్మశానం కంచెకు జనం తెల్లగుడ్డ పీలికలు కట్టారు. ముస్లింలే కాదు, బౌద్ధులు, క్రైస్తవులు, హిందువులు కూడా వచ్చి కట్టారు. రాత్రికి రాత్రి తీసేస్తే మళ్లీ కట్టారు. 2021 ఫిబ్రవరిలో ఆ నిబంధన పోయింది. 2024 జులైలో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది.

దీని పక్కన ఎబోలా అనుభవం పెట్టి చూడండి. 2014లో పశ్చిమాఫ్రికాలో శవాన్ని కడగడం, ముట్టుకోవడం వల్ల నిజంగానే జబ్బు పాకింది. అంటే అక్కడ అంత్యక్రియలను మార్చక తప్పలేదు. మొదట్లో తెల్ల సూట్లలో వచ్చి సంచిలో చుట్టి తీసుకుపోయారు. జనం శవాలను దాచేశారు, బృందాల మీద రాళ్లు రువ్వారు. ఆ ఏడాది నవంబర్‌లో పద్ధతి మార్చారు. ముందు కుటుంబంతో మాట్లాడాలి, మతపెద్దను పిలవాలి, ప్రార్థనకు సమయం ఇవ్వాలి, ముట్టుకోవడం ఒక్కటే వద్దు. చాలాచోట్ల గొడవలు తగ్గాయి. అక్కడ ప్రమాదం చాలా ఎక్కువ, అయినా మర్యాదకు దారి దొరికింది. శ్రీలంకలో ప్రమాదానికి ఆధారమే లేదు, మర్యాద దొరకలేదు. ఈ తేడాను వైరస్ మీద రుద్దలేం.

---

రఘు_ఎల్

ఇది చదివాక నా వాదన కొంత సడలింది, ఫాతిమా గారూ. మా ఇంట్లో పోయింది మా చిన్నాన్న. ఇరవై మందికే అనుమతి అన్నారు. అంతకు లోబడే చేశాం. నన్ను ఇప్పటికీ కుదిపేసేది నిబంధన కాదు. దాన్ని పెట్టినవాళ్లే పాటించకపోవడం. 2021 ఏప్రిల్ 17న బ్రిటన్ రాణి భర్త అంత్యక్రియల్లో మాస్క్ పెట్టుకుని ఒంటరిగా కూర్చున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. దానికి ముందు రాత్రే ప్రధాని కార్యాలయ సిబ్బంది రెండు పార్టీలు చేసుకున్నారని తర్వాత బయటపడి, ఆ కార్యాలయం రాణికి క్షమాపణ చెప్పింది. నార్వే అప్పటి ప్రధాని ఎర్నా సోల్బర్గ్ తన 60వ పుట్టినరోజుకు కుటుంబంతో పరిమితికి మించి కలిసినందుకు పోలీసులు 20 వేల క్రోనర్లు జరిమానా వేశారు. అదీ జరగాల్సింది. ప్రధానికి జరిమానా పడిన దేశంలో సామాన్యుడు నిబంధనను తిట్టుకుంటూనైనా పాటిస్తాడు.

---

ఇంకా_ఆయాసం

మొదటిసారి రాస్తున్నాను. నాకు లాంగ్ కొవిడ్. మెట్లెక్కితే గుండె దడ, పేజీ చదివేసరికి మొదట ఏముందో గుర్తుండదు. అందుకే ఈ పోస్టు చిన్నది.

ఈ జబ్బుకు పేరు పెట్టింది డాక్టర్లు కాదు, 2020 వేసవిలో ట్విట్టర్‌లో ఒకరినొకరు వెతుక్కున్న రోగులు. అప్పటికి, రెండు వారాల్లో తగ్గిపోతుంది, మిగతాది మీ ఆందోళన అనేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబర్‌లో నిర్వచనం ఇచ్చింది. నా ఆఫీసులో ఇప్పటికీ "కొవిడ్ అయిపోయింది కదా" అంటారు. ఒంట్లో ఉన్నదాన్ని ఎలా మరిచిపోను?

---

వార్డు_సిస్టర్

ఆయాసం గారూ, మీరు రాసినందుకు సంతోషం. శక్తికి మించి పని చేయకండి. కాస్త బాగున్న రోజున అన్నీ చేసేయాలనిపిస్తుంది, ఆ రోజునే ఎక్కువ జాగ్రత్తగా ఉండండి. డాక్టర్ వినకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

---

సుజాత_వి

పంతులు గారూ, పాలకులకు గుర్తు చేసుకోవడంలో ఆసక్తి లేదన్నారు. నిజమే అనిపిస్తోంది. అయితే పాలకుల కోసం ఎదురుచూడనివాళ్లు కూడా ఉన్నారు. లండన్‌లో పార్లమెంటుకు ఎదురుగా, నదికి అవతలి గట్టు గోడ మీద 2021 మార్చి నుంచి చనిపోయిన ఒక్కొక్కరికీ ఒక ఎర్రటి హృదయం బొమ్మ గీశారు. అరకిలోమీటరు పొడవు. ఎవరి అనుమతీ తీసుకోకుండా మొదలుపెట్టింది ఆత్మీయులను పోగొట్టుకున్న కుటుంబాలే. మొదట వాడిన రంగు ఎండకూ వానకూ వెలిసిపోతుంటే వలంటీర్లు గట్టి రంగుతో మళ్లీ దిద్దుతున్నారు. అంతకు ముందు, 1987 అక్టోబర్ 11న వాషింగ్టన్‌లో ఎయిడ్స్‌తో పోయినవారి పేర్లు కుట్టిన 1,920 గుడ్డ పలకలు పరిచారు. ఒక్కో పలక 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. సమాధి కొలత అది. ఆ జబ్బు గురించి ప్రభుత్వం నోరు విప్పడానికే జంకిన రోజుల్లో కుట్టారు.

ఇటలీలో మాత్రం ప్రభుత్వమే ముందుకొచ్చింది. 2020 మార్చి 18న బెర్గామో నుంచి శవపేటికలను సైనిక లారీల్లో తరలించారు. ఆ తేదీనే జాతీయ స్మారక దినం చేశారు. ఇలాంటి రోజు మన దగ్గర ఎందుకు ఉండకూడదు? ప్రజాప్రతినిధులకు రాద్దామనుకుంటున్నాను. తోడు వచ్చేవాళ్లుంటే చెప్పండి.

---

రఘు_ఎల్

నా పేరు రాసుకోండి.

---

కిరణ్_గణాంకం

నాదీ. స్మారక దినంతో పాటు ఇంకొకటి కూడా అడగాలి. మరణ కారణం తప్పుగా పడినవాళ్లు సరిచేయించుకునే సులువైన మార్గం.

పెద్ద స్థాయిలో చూస్తే, 2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. స్వేచ్ఛ గారి కోసం చెప్తున్నాను, లాక్‌డౌన్ పెట్టమని, టీకా వేయించమని ఏ దేశాన్నీ ఆదేశించే అధికారం ప్రపంచ ఆరోగ్య సంస్థకు లేదని అందులోనే రాసుంది. నాకు ముఖ్యమనిపించింది వైరస్ నమూనా ఇచ్చిన దేశానికి టీకాలో వాటా సంగతి. దాన్ని తర్వాత తేల్చుకుంటామని అనుబంధానికి వదిలేశారు. 2020 అక్టోబర్‌లో పేటెంట్లు సడలించమని భారత్, దక్షిణాఫ్రికా ప్రపంచ వాణిజ్య సంస్థను అడిగితే, 2022 జూన్‌లో టీకాలకు మాత్రమే, అదీ పరిమితంగా ఒప్పుకున్నారు. 20 నెలలు. ఆ 20 నెలల్లో ధనిక దేశాలు మూడో డోసు దాకా వెళ్లాయి.

---

చిన్ని_2004

మూర్తి గారూ, ఇప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. క్లాసులో వందమందిమి, కిటికీలు మూసి ఏసీ వేస్తారు. మళ్లీ ఏదైనా వస్తే అదే పరిస్థితి. మేం ఏం అడగాలి?

---

వెంటిలేషన్_మూర్తి

మంచి ప్రశ్న అమ్మా. కార్బన్ డయాక్సైడ్ మీటర్ అని చేతిలో పట్టేది ఒకటి ఉంటుంది. బయటి గాలిలో ఆ వాయువు ఇప్పుడు 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420 భాగాలు) పైన ఉంది. మనుషులు వదిలిన గాలి గదిలో ఎంత పేరుకుంటే అంకె అంత పెరుగుతుంది. గంట క్లాసు తర్వాత 1,000 దాటితే గాలి సరిగా మారడం లేదనుకో. 2,000 దాటితే ఒకరు వదిలిన గాలినే అందరూ మళ్లీ మళ్లీ పీలుస్తున్నారు. మామూలు స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే చల్లబరుస్తుంది, బయటి గాలి తీసుకురాదు. ఇది చాలామంది ప్రిన్సిపాళ్లకు కూడా తెలియదు.

వారం రోజులు ఒకే సమయంలో అంకెలు రాసి పెట్టండి. కిటికీ తెరిచినప్పుడు, మూసినప్పుడు విడివిడిగా. ఆ కాగితంతో వెళ్లి మూడు అడగండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్, క్లాసుల మధ్య పది నిమిషాలు కిటికీలు తెరవడం, కిటికీలు లేని గదులకు హెపా ఫిల్టర్ (గాలిలోని సన్నటి కణాలను పట్టేసేది) ఉన్న యంత్రం. భవనాల్లో గాలి ద్వారా వచ్చే అంటువ్యాధుల కోసం, ఏసీ, గాలి ప్రసరణ ప్రమాణాలు రూపొందించే ఆష్రే సంస్థ 2023లో 241 నంబరుతో ప్రమాణం విడుదల చేసింది, దాని పేరు కూడా చెప్పండి. కాదంటే రాతపూర్వకంగా కాదనమనండి. లెక్కలు చూడటానికి సాయం కావాలంటే ఇక్కడే పెట్టు, చూస్తాను.